జంటకవుల జైత్రయాత్ర

తెలుగు సారస్వతమున ఒక ముచ్చటైన ఆచారము కలదు. ఇద్దరు కవులు జతగూడి, ఇద్దరి పేర్లను ఒక పేరుగా కలుపుకొని, ఒకే గొంతుతో కవిత్వము చెప్పుట ఆ యాచారము. 15వ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ అను ఇరువురు కలిసి ప్రబోధచంద్రోదయమును, వరాహపురాణమును రచించిరి. ఆ మార్గము నడుమ చాలకాలము సన్నగిల్లి, 19వ శతాబ్ది చివర మరల చిగిర్చెను. చిగిర్చుటయే కాదు, ఒక్క తరములోనే కొప్పరపు సోదర కవులు, వేంకట రామకృష్ణ కవులు, వేంకట పార్వతీశ కవులు, పింగళి కాటూరి కవులు అని జంటలు జంటలుగా కవులు బయలుదేరిరి. వీరందరికిని ముందు నడిచి దారి వేసినవారు తిరుపతి వేంకట కవులు.

వీరి చరిత్ర ఆంధ్రదేశమున తెలియనిది కాదు. అయినను ఈ సంచికలో దానిని మరల చెప్పబూనుటకు ఒక కారణమున్నది. తరతరములుగా కన్నడదేశమునను, తమిళదేశమునను, ఒడిస్సాలోను, మహారాష్ట్రమునను, యానాములోను స్థిరపడిన మనబోటి కుటుంబములవారిని తరచుగా ఒక ప్రశ్న వేధించుచుండును. తెలుగు రాష్ట్రములకు వెలుపల తెలుగు ఎంతకాలము బ్రదుకును? మేము ఒక కచేరీలో గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. మెట్రిక్యులేషనుతో చదువు ముగిసినది. పండితులము కాము. కాని ఈ జంటకవుల జీవితమును చదివిన కొలదిని, ఆ ప్రశ్నకు ఒక సమాధానము అందు కలదని మాకు తోచినది. దానిని పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

యానాము నుండి కడియెద్దకు

జంటలో పెద్దవారు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు. వీరు 1870లో గోదావరి మండలమందలి కడియములో జన్మించిరి. రెండవవారు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు. వీరు 1872లో భీమవరము చేరువనున్న యండగండిలో జన్మించిరి. ఇరువురి పేర్లును కలిపినచో తిరుమలేశుని పేరే స్ఫురించుట ఒక శుభసూచకమని ఆనాటివారు మురిసిరి.

వేంకటశాస్త్రిగారి బాల్యము యానాములో గడచినది. ఈ సంగతి ముఖ్యముగా యానాము సోదరులు గుర్తుంచుకొనదగినది. చుట్టును ఆంగ్లేయుల యేలుబడి యుండగా, నడుమ యానాము మాత్రము ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1954 వరకు అట్లే యుండెను. ఆ ఫ్రెంచి పట్టణపు వీథులలో తిరిగిన తెలుగు బాలుడు పదునెనిమిదేండ్ల ప్రాయమున కామేశ్వరీ శతకమును రచించెను. అక్కడనే తాను చెప్పిన పద్యములలో ఒక వ్యాకరణ దోషమును పండితులు పట్టి చూపగా ఆ యువకుని మనసు నొచ్చెను. మరొకడైనచో కవిత్వమును మానివేయును, లేదా పండితులను తిట్టుకొనును. ఈయన వ్యాకరణమును నేర్చుకొన నిశ్చయించుకొనెను. ఆ పట్టుదలయే ఆయనను కాశి వరకును నడిపించినది. అంతేకాదు, ఆ పట్టుదలయే ఆయనకు తోడును కూడ సంపాదించి పెట్టినది.

చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారని కడియెద్ద గ్రామమున గొప్ప వైయాకరణులుండిరి. ఆయన యొద్ద శిష్యులుగా వేంకటశాస్త్రిగారును, తిరుపతిశాస్త్రిగారును కలిసికొనిరి. తొలుత ఇరువురి నడుమ కొంత పోటీ యుండెడిదట. వినాయక చవితి ఉత్సవమునకై చందాలు వసూలు చేయ శిష్యులు ఊళ్లు తిరుగునపుడు, తిరుపతిశాస్త్రిగారి శాస్త్రప్రసంగమును, వేంకటశాస్త్రిగారి పద్యధోరణియు ఒకరికొకరికి తెలియవచ్చినవనియు, పోటీ మైత్రిగా మారినదనియు చెప్పుదురు. ఒకరియందు లోతైన పాండిత్యము, రెండవవారియందు పొంగివచ్చు ధార. రెండును కలిసినపుడు ఏమగునో ఆంధ్రదేశము త్వరలోనే చూచెను.

అవధానమన నేమి?

నేటి పిల్లలకు అవధానమన్న పేరు తెలిసినను దాని లోపలి పని తెలియదు కావున, కొంచెము విడమరచి చెప్పుట అవసరము.

అష్టావధానమున ఎనమండ్రు పృచ్ఛకులు అవధాని చుట్టును కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. అనగా, పైకి అసంబద్ధముగానో అనుచితముగానో కనబడు ఒక పద్యపాదమును ఇచ్చి, మిగిలిన మూడు పాదములతో దానికి మంచి యర్థము వచ్చునట్లు పూరింపుమందురు. ఒకరు దత్తపది నిత్తురు. పొందికలేని నాలుగు మాటలిచ్చి, నాలుగు పాదములలో వానిని ఇమిడ్చి, తాము కోరిన విషయముపై పద్యము చెప్పుమందురు. నిషిద్ధాక్షరి యనునది మరింత కఠినము. అవధాని ఒక్కొక్క అక్షరము పలుకగనే, తరువాత ఏ యక్షరము రాబోవునో ఊహించి, అది వాడరాదని పృచ్ఛకుడు అడ్డుపడును. దారి మూసిన చోటునుండి మరొక దారి తీయుచు అవధాని పద్యమును నడుపవలెను. ఇట్లు వర్ణన, ఆశువు మొదలగునవి సాగుచుండగా, అప్రస్తుత ప్రసంగి యనువాడు నడుమ నడుమ సంబంధము లేని ప్రశ్నలు వేసి నవ్వించుచు, ఏకాగ్రతను చెరుపజూచును. ఒకవైపు గంట మ్రోగుచుండును; ఎన్నిసార్లు మ్రోగినదో చివర చెప్పవలెను. ఇవన్నియు ఒక్కొక్క పాదము చొప్పున వంతులవారిగా నడచును. తుదకు, కాగితము కలము ముట్టకుండ, పద్యములన్నిటిని మొదటినుండి చివరవరకు అప్పజెప్పవలెను. దానికి ధారణ యని పేరు.

శతావధానమైనచో పృచ్ఛకులు నూరుగురు. మొదటి ఆవృత్తిలో నూరుగురికిని తలకొక పాదము. రెండవ ఆవృత్తిలో రెండవ పాదము. ఇట్లు నాలుగు ఆవృత్తులకు నూరు పద్యములు, నాలుగు వందల పాదములు. మూడవవాని పద్యము ఏ వృత్తమున మొదలైనదో, ఏబదియేడవవాని కోరిక యేమో, ఎనుబదవవానికి ఏ మాట మిగిలియున్నదో అంతయు తలలోనే యుండవలెను. మేము ఉద్యోగకాలమున ఒక బల్లపై పది దస్త్రములు విప్పియుంచినచో ఏ కాగితము ఎందులోనిదో తడుముకొనుచుండెడివారము. నూరు దస్త్రములను కాగితము లేకుండ విప్పి, నూటిని సక్రమముగా మూసి, వరుస తప్పక తిరిగి అప్పగించుట యెట్టిదో మా వంటి గుమాస్తాలకు కొంత యూహకందును.

మాడభూషి వేంకటాచార్యులు మొదలగువారు అంతకు ముందే అవధానములు చేసియుండిరి. కాని అది పండితుల నడుమ జరుగు పరీక్షగా నుండెను. దానిని ఊరివారందరును పొలము పనులు మాని చూడవచ్చు ఉత్సవముగా మార్చినవారు తిరుపతి వేంకట కవులు. 1890ల దశకపు ఆరంభములో కాకినాడలో వీరు జంటగా శతావధానము చేసిరి. అప్పటికి ఇరువురును ఇరువది యేండ్ల వయస్సు వారు. ఆ దినము మొదలు వారి పేరు కోస్తా మండలములందు మార్మ్రోగినది.

నాలుగు ఏలుబడులు, ఒక భాష

కాకినాడ తరువాత వారు చేసిన పర్యటనలు ఒక జైత్రయాత్రవంటివి. రాజుల సందర్శనములలో చెప్పిన పద్యములను నానారాజ సందర్శనమను పేరను, అవధాన పద్యములను శతావధాన సారమను పేరను వారే గ్రంథములుగా కూర్చిరి. ఆ ఊళ్ల పేర్లను వరుసగా చదివినచో మనకొక విశేషము కనబడును. విజయనగరము, పిఠాపురము, వేంకటగిరి ఆంగ్ల ప్రభుత్వము క్రింది జమీందారీలు. గద్వాల, ఆత్మకూరు నైజాము రాజ్యమందలి సంస్థానములు. మదరాసు రాజధానీ నగరము. అక్కడ అడయారులో అనిబిసెంటుగారు వీరి అవధానమును చూచి ఆశ్చర్యపడి మెచ్చుకొనిరి. వేంకటశాస్త్రిగారి బాల్యము గడచిన యానాము ఫ్రెంచివారిది.

అనగా నాలుగు విధములైన ఏలుబడులు. ఒకచోట కచేరీభాష ఆంగ్లము, ఒకచోట ఉర్దూ, ఒకచోట ఫ్రెంచి. ఏ ప్రభుత్వమునకును తెలుగు రాజభాష కాదు. నేడు మనము చూచు రాష్ట్రముల ఎల్లలు అప్పుడు లేవు. గంజాము, బళ్లారి, చెంగల్పట్టు, గోదావరి అన్నియు ఒకే మదరాసు రాజధానిలోనివి. ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడి గంజాము అందు చేరినది 1936లో. ఆంధ్రరాష్ట్రము వచ్చినది 1953లో; ఆంధ్రప్రదేశము 1956లో. తిరుపతిశాస్త్రిగారు 1920లోను, వేంకటశాస్త్రిగారు 1950లోను గతించిరి. తెలుగువారందరు తమ కవులని చెప్పుకొను ఈ యిరువురును తెలుగు రాష్ట్రమనుదానిని కన్నులార చూడనేలేదు.

మరి వారి తెలుగునకు నిలువ నీడ యేది? సభయే వారికి నీడ. ఊరి చావడిలోనో, జమీందారుగారి మేడలోనో, పాఠశాల ఆవరణములోనో పదిమంది తెలుగు వినువారు చేరినచోట ఆ పూటకు తెలుగు రాజ్యము ఏర్పడినట్లే. సభ ముగిసి దీపములార్పగనే ఆ రాజ్యము ముగిసెడిది. మరునాడు మరొక యూరిలో మొదలయ్యెడిది. మన సంఘములు నాలుగు కుర్చీలు వేసి జరుపుకొను ఉగాది సభను చిన్నచూపు చూచువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

మీసముల పంతము

ఈ కవులకు అభిమానులెందరో, విరోధులును అందరు. అందుకు వారి తీరే కారణము. వైదిక బ్రాహ్మణ పండితులు మీసములు పెంచరాదని ఆ కాలపు కట్టుబాటు. వీరిరువురును మీసములు పెంచిరి. ఇదేమి పని యని అడిగినవారికి పద్యముతోనే జవాబిచ్చిరి. సంస్కృతాంధ్రములు రెంటను తమను గెలువగల కవులున్నచో రమ్మనియు, గెలిచినచో ఆ మీసములు తీసి మ్రొక్కెదమనియు ఆ పద్యముల సారాంశము. ఇది గర్వమే. కాని పద్యము చెప్పినంతకాలమును చెల్లిన గర్వము. ఆ మాట విని యువకులు ఉప్పొంగిరి, పెద్దలు మండిపడిరి, సభలకు జనము రెట్టింపయ్యెను.

ఇట్టి సవాలునకు జవాబుదారులు రాక మానరు. నరసరావుపేట ప్రాంతమందలి కొప్పరము నుండి కొప్పరపు వేంకట సుబ్బరాయకవి, వేంకట రమణకవి యను సోదరులు బయలుదేరిరి. సుబ్బరాయకవి 1885లో, రమణకవి 1887లో జన్మించినవారు. వీరి ఆశుధార వరదవంటిది. ఒకరి పాదమును మరొకరు అందుకొని గంటలకొలది పద్యములు కురిపించెడివారు. 1910ల దశకమున గుంటూరు కేంద్రముగా ఈ రెండు జంటలకును వివాదము చెలరేగెను. ఊళ్లకు ఊళ్లు రెండు పక్షములయ్యెను. ఒక పక్షమువారు కరపత్రము వేసిన, రెండవ పక్షమువారు ప్రతికరపత్రము వేయుదురు. పిఠాపురమున వేంకట రామకృష్ణ కవులతోను వీరికి ఇట్టి పోరే నడచెను. తిరుపతి వేంకట కవుల వాద పద్యములు గీరతమను గ్రంథముగా వెలసినవి. నేడు చదివినచో కొన్ని పద్యములలో పరుషము హెచ్చుగా నున్నదని తోచును. కాని పద్యమునకై తెలుగువారు పక్షములుగా చీలి రాత్రులు మేలుకొన్న కాలమొకటి యుండెనని తలచినపుడు, ఆ పరుషమును కొంత మన్నింపవచ్చును.

ఇప్పటి పిల్లలు ర్యాప్ అను పాటను వినుచుందురు. అమెరికాలోని న్యూయార్కు నగరమున బ్రాంక్సు అను పేటలో, 1973 ప్రాంతమున, పేదయిండ్ల యువకుల వేడుకలలో మొలకెత్తిన ప్రక్రియ యది. ఇద్దరు జతగూడి, తాళమునకు సరిగా ప్రాసలు కూర్చి, ఒకరి మాట నొకరు అందుకొనుచు, ఎదుటి జంటను ఎగతాళి చేయుచు పలుకుదురు. తమను మించినవారు లేరని చాటుకొందురు. వారి వెనుక ప్రాణమిచ్చు అభిమానుల గుంపులుండును. మా ఇంటి పిల్లలు దీనిని వినుచుండగా మొదట మాకు చిరాకు కలిగెడిది. పిదప విచారించి చూడగా మీసముల పంతము జ్ఞప్తికి వచ్చినది. ఛందస్సు వేరు, సంప్రదాయము వేరు, వారి కష్టసుఖములు వేరు. కాని అప్పటికప్పుడు నోట పుట్టు మాటయందలి ఉబలాటము మనుష్యజాతికంతకు ఒక్కటే. ఇది విను పిల్లలకు మన జంటకవుల కథను చెప్పినచో వారు తప్పక చెవియొగ్గుదురని మా నమ్మకము.

నోటినుండి నోటికి

మూడు విధములైన గతులు పద్యమునకు కలవు. చెప్పినచోటనే గాలిలో కలిసిపోవుట మొదటిది. కొప్పరపు సోదరుల పద్యములలో అధికభాగము గతి ఇదియే. ఆ వేగమున వ్రాసికొనువారు చాలక, వినినవారి ప్రశంసలు మిగిలినవి గాని పద్యములు మిగులలేదు. తెలుగువారికి ఇది తీరని నష్టము. గ్రంథమై బీరువాలో నిలుచుట రెండవ గతి. తిరుపతి వేంకట కవుల దేవీభాగవతము, బుద్ధచరిత్రము మొదలగునవి గొప్ప గ్రంథములే యైనను, నేడు వానిని తెరచువారు తక్కువ. మూడవది, జనుల నాలుకలపై నిలుచుట. ఆ భాగ్యము వారి పాండవ నాటకములకు దక్కినది.

పాండవ జననము, పాండవ ప్రవాసము, పాండవ రాజసూయము, పాండవోద్యోగము, పాండవ విజయము, పాండవాశ్వమేధము అని వారు భారతకథను నాటకములుగా వ్రాసిరి. అందు ఉద్యోగ విజయములు రెండును రంగస్థలమున కురుక్షేత్రమనియు, రాయబారమనియు ప్రసిద్ధికెక్కినవి. శ్రీకృష్ణుడు నిద్రించుచుండగా దుర్యోధనుడు తలవైపునను, అర్జునుడు పాదములవైపునను కూర్చుండు ఘట్టమును, కౌరవసభలో కృష్ణుని రాయబారమును ఎరుగని తెలుగు పల్లె లేదు. అవధానములలో సంస్కృత సమాసములతో కత్తులు దూసిన కవులే ఈ నాటకములలో ఇంటిమాటలతో పద్యము నడిపిరి. బావ బావమరదులు పలుకరించుకొను తీరు, అన్నదమ్ముల ఎత్తిపొడుపు, ద్రౌపది నిష్ఠురము, అన్నియు మన ఇండ్లలో వినబడు నుడికారములోనే యుండును. పద్యమని తోచకముందే పద్యము పూర్తియగును. అందుచేత అక్షరములు రాని పాలేరులును, బండి తోలువారును, గొడ్ల కాపరులును వానిని కంఠస్థము చేసిరి.

నటకులు ఆ పద్యములకు రాగము తొడిగిరి. శ్రీకృష్ణ పాత్రలో ఈలపాట రఘురామయ్యగారు, పీసపాటి నరసింహమూర్తిగారు, షణ్ముఖి ఆంజనేయరాజుగారు ఒక్కొక్క పద్యమును సాగదీసి పాడుచుండగా, జనులు మరల పాడుమని కేకలు వేయుట, నటకుడు మరల పాడుట, నాటకము తెల్లవారువరకు సాగుట పరిపాటియయ్యెను. పద్యములు గ్రామఫోను రికార్డులకెక్కినవి. 1960లో వచ్చిన శ్రీకృష్ణ రాయబారము చిత్రమునను, 1977లో నందమూరి తారకరామారావుగారు నిర్మించిన దానవీరశూరకర్ణ చిత్రమునను వీరి పద్యములు వినబడినవి. కవులు ఎరుగని యంత్రములు, ఎరుగని తరములు. పద్యము మాత్రము అదే.

పొట్టకూటికై స్వస్థలమును వీడిన తెలుగువాడు మూటలో భగవద్గీతను తీసికొనిపోయెనో లేదో గాని, రాయబారపు పద్యమును మాత్రము గొంతులో తీసికొనిపోయెను. రైల్వే కాలనీలలోను, మిల్లు పేటలలోను, గనుల చెంతను పదిమంది తెలుగువారు చేరినచోట, అట్ట కిరీటములతోను, అరువు తెచ్చిన హార్మోనియముతోను ఈ నాటకము లేచెను. కిరీటము వంకరయైనను పద్యము వంకర కాలేదు. మన పెద్దలలో తెలుగు చదువ నేర్వనివారు కూడ ఈ పద్యములను తప్పులేక పాడుట మేము వినియున్నాము. లిపి కన్ను వరకే చేరును. పద్యము చెవిద్వారా గుండెకు చేరును.

ఒక చేయి విరిగిన పిమ్మట

తిరుపతిశాస్త్రిగారు పోలవరము జమీందారుగారి ఆశ్రయమున నుండిరి. వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులైరి. బందరులో వారి శిష్యుల పేర్లు చెప్పినచో అదియే ఆధునికాంధ్ర సాహిత్య చరిత్రయగును. విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు అందరును ఆయన శిష్యులే. ఒక ఉన్నత పాఠశాల పండితుని తరగతి గదినుండి, 1970 సంవత్సరమునకు జ్ఞానపీఠ పురస్కారము నందిన విశ్వనాథవారు వెలువడిరి. పింగళి కాటూరివారు గురువుల దారినే జంటగా సౌందరనందమును రచించిరి.

1920లో తిరుపతిశాస్త్రిగారు పరమపదించిరి. వారికప్పటికి ఏబది యేండ్లు నిండలేదు. ముప్పది సంవత్సరముల పాటు ఒకే ఊపిరిగా బ్రదికిన జంటలో ఒక భాగము నేలకొరిగెను. వేంకటశాస్త్రిగారు ఆ పిమ్మట మరి ముప్పది సంవత్సరములు జీవించిరి. ఈ ముప్పదియేండ్లలో ఆయన చేసినపని మా మనసును అన్నిటికంటె ఎక్కువగా కదలించినది. తాను ఒక్కరే వ్రాసిన కావ్యములను కూడ తిరుపతి వేంకట కవుల పేరుతోనే ప్రకటించుచు వచ్చిరి. పోయిన మిత్రుని పేరును ముందుంచి, తన పేరును వెనుకనుంచి, ఏనాటికిని ఆ జతను విడదీయలేదు. ఏ పద్యము ఎవరిదని పరిశోధకులు వాదించుకొనవచ్చును. ఆ లెక్క తేల్చుటకు ఆయన ఇష్టపడలేదు. మేము లెక్కల పుస్తకములతో బ్రదికినవారము. వాటాదారు గతించగానే ఖాతా మూసి, మిగులును పంచుకొనుటయే ఎరుగుదుము. మూయని ఖాతాను ముప్పదియేండ్లు నడిపి, రాబడిలో సగము పోయినవాని పేరనే జమకట్టిన వ్యవహారము మాకు ఈ యొక్కచోటనే కనబడినది.

కథలు గాథలు అను పేరుతో ఆయన వ్రాసిన వచనరచనలో తమ యాత్రల సంగతులు, గురువుల సంగతులు, తగవుల సంగతులు అరుగుపై కూర్చుండి చెప్పినట్లు ముచ్చటగా చెప్పిరి. 1949లో మదరాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా నియమించి గౌరవించినది. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు కలిసియున్న రాష్ట్రపు ఆస్థానమది. యానాము వీథులలో వ్యాకరణ దోషమునకు నొచ్చుకొన్న బాలుడు, మదరాసు ప్రభుత్వపు ఆస్థానకవియై, 1950 ఫిబ్రవరిలో మహాశివరాత్రి పర్వదినమున శివసాయుజ్యము నొందెను.

మనకు మిగిలినదేమి?

అవధానము వారితో ముగియలేదు. మాడుగుల నాగఫణిశర్మగారు, గరికిపాటి నరసింహారావుగారు సహస్రావధానముల వరకును దానిని పెంచిరి. విదేశములలోని తెలుగు సంఘములు సైతము అవధాన సభలు జరుపుచున్నవి. కావున ఇది చచ్చిన విద్య కాదు.

కాని మన సంగతి వేరు. మన పిల్లలు కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో బడిలో చదువుదురు. అది ధర్మమే, ఉన్న నేల భాషను నేర్వనివాడు ఆ నేలకు ఋణపడియుండును. ఇంటిలో తెలుగు వినబడును గాని వ్రాయుట రాదు. రెండు తరములలో లిపి పోవును. మూడవ తరమున ఇంటిమాట కూడ సన్నగిల్లును. దీనిని ఆపుటకు సంఘములవారు ఆదివారపు అక్షరాభ్యాస తరగతులు పెట్టుచున్నారు. మంచిదే. అయితే పిల్లలు మొదట ఉత్సాహముగా వచ్చి, గుణింతముల కాడ ఆగిపోవుచున్నారు.

జంటకవుల జీవితము మరియొక దారిని చూపుచున్నది. మొదట చెవి, పిదప కన్ను. నెలకొక సాయంకాలము సంఘ భవనమున పద్యగోష్ఠి జరుపుడు. రాయబారపు పద్యములు తెలిసిన ముసలివారు ప్రతి పేటలోను ఇంకను ఒకరిద్దరున్నారు. వారిచేత పాడించి, వారి గొంతులను యంత్రములలో భద్రపరచుడు. కొప్పరపువారి పద్యములవలె అవి గాలిలో కలిసిపోకముందే ఈ పని జరుగవలెను. పిల్లలను శ్రోతలుగా మాత్రమే కూర్చుండబెట్టక, పృచ్ఛకులుగా కూర్చుండబెట్టుడు. నాలుగు మాటలిచ్చి దత్తపది యడుగుటకు లిపి రానక్కరలేదు. అప్రస్తుత ప్రసంగము చేయుటకు మన పిల్లలకంటె సమర్థులెవ్వరు? పద్యము చెప్పగల పెద్దలు దొరకనిచోట ఒక చిన్న కథనో, పొడుపుకథనో అప్పటికప్పుడు అల్లించినను చాలును. ఇద్దరిద్దరిని జతకూర్చి, ఒకరి మాటను మరొకరు అందుకొనుడని పందెము పెట్టుడు. నోట తెలుగు పుట్టుటలోని ఉబలాటమును ఒక్కసారి రుచిచూచిన పిల్లవాడు, దానిని వ్రాసికొనవలెనను కోరికతో తానే గుణింతమును అడుగును.

తెలుగు రాష్ట్రమును చూడకయే తెలుగును ఏలిన ఆ యిరువురికి రాజ్యముగా నిలిచినది వినువారి సభ యొక్కటియే. అట్టి సభను కూర్చుట మన చేతిలో నున్నది. ఈ యేటి ఉగాది సభలో ఒక గంటకాలము పద్యమునకు కేటాయింపుడని మా సంఘ సోదరులను, సోదరీమణులను వినయపూర్వకముగా కోరుచున్నాము.